పిలకలు గిల్లేదెవరు?

మా ఆయన పొగాకు మానేశాడని బంధువులంతా మెచ్చుకుంటున్నారు. మెచ్చుకోనీ, నాకేం కడుపుమంట లేదు. కానీ మెచ్చుకునేవాళ్ళలో ఒక్కరైనా ఆ పొగాకు ఎవరు పెంచారు, ఎవరు పెరికారు అని అడిగారా? అడగరు. అందుకే నేనే చెప్తున్నాను. నాకు నోరెక్కువని మా అత్త పెళ్ళైన మర్నాడే తేల్చేసింది కాబట్టి ఇప్పుడు కొత్తగా పోయే పరువేమీ లేదు.

మా ఇల్లు కె.ఆర్.పురంలో, రైలు కూత వినబడేంత దూరంలో. ఇల్లు కట్టగా వెనకాల కాస్త జాగా మిగిలింది. మా ఆయన రామాంజినప్ప ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేసి రిటైరైనవాడు. ఆ జాగాలో రేకుల షెడ్డు వేసి అద్దెకిద్దామన్నాడు. నేను పడనివ్వలేదు. ఏటా అక్కడ ఓ ఇరవై పొగాకు మొక్కలు పెడతాను. అమ్మడానికి కాదు, ఆయన నోటికే. తమలపాకు, వక్క, సున్నం, వాటి మీద మా పెరటి ఆకు ఒక తుంపు లేనిదే ఆయనకు తెల్లవారదు. కిళ్ళీ బంకులో దొరికే ఆకు నోట్లో పెట్టుకుంటే గడ్డి నమిలినట్టుందని ఉమ్మేసేవాడు.

ఆ గింజ మా అమ్మది. మా పుట్టిల్లు దేవనహళ్ళి పక్కన పల్లె. నాతో పాటు చీరలు, చెంబులు ఎలా వచ్చాయో చిటికెడు పొగాకు గింజ అలాగే కొంగుముడిలో వచ్చింది. చీరలు చిరిగాయి, చెంబులు సొట్టలు పోయాయి, గింజ మాత్రం ఏడాదికొకసారి కొత్తదవుతూనే ఉంది.

పొగాకు పెంచడమంటే నీళ్ళు పోయడమే అనుకుంటారు. నీళ్ళు ఎవరైనా పోస్తారు. అసలు పని మొక్క మనిషి నడుము దాటి మొగ్గ పెట్టినప్పుడు మొదలవుతుంది. మొగ్గ రేకు విప్పకముందే, పైనున్న చిన్నాకులతో సహా తల తుంచెయ్యాలి. పొద్దున్నే తుంచాలి, అప్పుడైతే కాడ పుటుక్కున విరుగుతుంది. ఎండెక్కితే నార సాగి చెట్టుకు గాయమవుతుంది. తల పోయిన చెట్టు ఊరుకుంటుందా? ప్రతి ఆకు చంకలోంచీ ఒక పిలక పొడుచుకొస్తుంది. పూవు పెట్టి గింజ వెయ్యాలని దాని ఆరాటం. ఆ పిలకల్ని గిల్లాలి. గిల్లిన చోటే ఇంకోటి వస్తుంది, దాన్నీ గిల్లాలి. దూదివత్తితో వేపనూనె చుక్క ఆ చంకలో వేస్తే కొన్నాళ్ళు అణుగుతాయి. అలా వెంటబడి గిల్లుతూ ఉంటేనే చెట్టు బలమంతా ఆకులోకి దిగుతుంది, ఆకు చెవి మందాన అవుతుంది, ఘాటు పడుతుంది. నాలుగు రోజులు ఏమరితే ఆకు పల్చబడి కాగితమైపోతుంది. ఆ పని చేసే చేతులకు నల్లటి బంక పడుతుంది. సబ్బుకు పోదు. చింతపండు పులుసు వేసి తోముకోవాలి. ఆ బంకతోనే నాకు సగం వయసు గడిచింది.

ఒక్క చెట్టును మాత్రం ముట్టం. దాన్ని తల్లిచెట్టు అంటాం. అన్నిటికంటే ఏపుగా ఉన్నదాన్ని చూసి, పసుపు గుడ్డ పేలిక కట్టి, తల తుంచకుండా, ఆకు కొయ్యకుండా వదిలేస్తాం. అది పూచి, కాయ ఎండి, గింజ ఇవ్వాలి. ఇందులో మా అమ్మకు ఇంకో పట్టింపు ఉండేది. పాత గింజ దాచకూడదు. నారు పోసిన రోజున మిగిలిన గింజంతా ఆ మడిలోనే చల్లెయ్యాలి. పాత గింజ దాచుకునేవాళ్ళకు కొత్త పంట మీద నమ్మకం లేనట్టే అనేది. అమ్మ మాట నేనెప్పుడూ దాటలేదు. అంటే ఏ ఏడాదైనా మా గింజ ఉండేది ఆ ఒక్క తల్లిచెట్టు తల మీదే. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. మా ఆయనకూ తెలుసు.

ఇది రెండువేల మూడో సంవత్సరం మాట. వర్షాలు బాగా పడ్డాయి, మొక్కలు బలిసి ఉన్నాయి. ఓ పొద్దున తలలు తుంచడం మొదలుపెట్టాను. రెండు చెట్లు అయ్యాయో లేదో గోడవతల నుంచి ఫాతిమా తల కనిపించింది. ఇరవయ్యేళ్ళ పొరుగు. మా రెండిళ్ళ మధ్య గోడ గిన్నెలు మార్చుకోవడానికే తప్ప దేనికీ అడ్డం కాలేదు.

"ఏమక్కా, ఈ ఏడు గూడా తలలు తుంచతా ఉండావా? అన్న మానేసినాడేమో అనుకుంటి."

"మానేదానికి ఆయనకేమొచ్చింది?"

ఫాతిమా ముఖం మారిపోయింది. "ఏం లేదులే అక్కా. స్టవ్వు మీద పాలు పెట్టొచ్చినా" అని తిరిగింది.

"ఫాతిమా, నిలబడు. మీ ఇంట్లో ఈ పొద్దు పాలే రాలేదు. పాలవాడు రాలేదని ఇందాక నువ్వే చెప్తివి. ఏమి సంగతి?"

"రియాజుకు తెలిస్తే నన్ను చంపేస్తాడక్కా."

"చెప్పకుంటే నేను చంపుతా."

చెప్పింది. వాళ్ళబ్బాయి రియాజ్ ఒక పళ్ళ ఆస్పత్రిలో పనిచేస్తాడు. కిందటేడు మా ఆయన నోట్లో కారం తగిలితే మండుతోందని వాడితో గుట్టుగా చెప్పి, వాడి వెంట అక్కడికి పోయాడట. దవడ లోపల తెల్లమచ్చ ఉందట. ఆకు ఆ రోజే మానెయ్యాలి, ముక్క తీసి పరీక్షకు పంపాలి, వారంలో మళ్ళీ రావాలి, లేకపోతే అది క్యాన్సరైనా కావచ్చు అని డాక్టరమ్మ చెప్పిందట. ఈయన మళ్ళీ పోనేలేదు. పైగా నాకు చెప్పొద్దని రియాజ్ దగ్గర ఒట్టు వేయించుకున్నాడట.

"వాడు ఎన్నితూర్లు పిల్చినా, రేపొస్తాను మాపొస్తాను అంటాడంటక్కా. ఈపాటికి అన్నే నీకు చెప్పుంటాడనుకుంటి" అంది ఫాతిమా కళ్ళు తుడుచుకుంటూ.

నా చేతిలో అప్పుడే తుంచిన తల ఉంది. వేళ్ళకు బంక. కిందటేడంతా, ఆ మాట విన్న తర్వాత కూడా, ఆయన నా చేతి ఆకు నములుతూనే ఉన్నాడు. ఘాటు తగ్గకూడదని నేను పిలకలు గిల్లుతూనే ఉన్నాను. ఆయన నోట్లో మచ్చకు నేనే నా చేతులారా ఎరువు వేసినట్టయింది. ఆ క్షణంలో నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండిపోయింది.

మా ఆయన ముందుగదిలో పేపరు చదువుతూ దవడలో ఆకు పెట్టుకుని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.

"నోరు తెరువు" అన్నాను.

"యాలనే?"

"తెరువు అంటే తెరువు. లోపలుండేది ఉమ్మేసి తెరువు."

నా ముఖం చూసి లేచి, బయటికి పోయి ఉమ్మేసి వచ్చాడు. టార్చి వేసి చూశాను. కుడి దవడ లోపల, ఆకు కుక్కుకునే చోట, గోడకు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ముప్పై ఐదేళ్ళు ఈ మనిషికి అన్నం పెట్టాను. ఈ నోట్లో ఏముందో పక్కింటి కుర్రాడికి తెలుసు, నాకు తెలీదు.

"యాల చెప్పలేదు నాకు?"

"నొప్పి లేదు, గిప్పి లేదు. ఆ డాక్టర్లు ఊరికే బెదిరిస్తారు. చెప్తే నువ్వు చెట్లన్నీ పెరికేస్తావు."

"పెరికితే ఏమి?"

అప్పుడొక మాట అన్నాడు. "నీకు ఆ చెట్లంటే పానం కదే. నా మూలంగా నీకు యాల బేజారు అని ఊరుకున్నా."

విన్నారా? నా కోసమట! రోగం దాచింది నా కోసం, నమిలింది నా కోసం, ఆస్పత్రికి పోనిది నా కోసం. ఈ మగవాళ్ళు ఎంత తప్పు చేసినా దాని కింద మన పేరు రాసి చేతిలో పెడతారు. చెట్లు నాకు ప్రాణమే, ఎవరు కాదన్నారు? చెట్టుకూ మొగుడికీ తేడా తెలియనంత పిచ్చిదాన్నని ఈయనకు ఎవరు చెప్పారు? ఆ రోజు నేను అరిచిన అరుపులకు వీధి చివర ఇస్త్రీ బండివాడు కూడా వచ్చి తొంగిచూసి పోయాడు.

"రేపు పొద్దున ఆస్పత్రికి పదా" అన్నాను.

"చూద్దాంలే."

"చూసేది లేదు. నువ్వు వచ్చేంతవరకూ నేను ఒక్క తల తుంచను, ఒక్క పిలక గిల్లను."

ఇది విని నవ్వాడు. ఫ్యాక్టరీలో సమ్మెలు చేసినవాడు కదా, ఇంట్లో ఆడది సమ్మె చేస్తే నవ్వులాటగా ఉంది.

అప్పుడే పెరికెయ్యాల్సింది కదా అని ఫాతిమా అడిగింది. పెరికితే ఏం చేస్తాడో నాకు తెలుసు. ప్రతి బంకులోనూ తోరణాలు కట్టినట్టు గుట్కా పొట్లాలు వేలాడుతున్నాయి. గడ్డి అని ఉమ్మేసినవాడే ఆకలికి గడ్డి తింటాడు. ఆయన కాళ్ళతో ఆయనే నడిచి ఆస్పత్రికి రావాలి, అది నా పంతం. అందుకని చెట్ల వైపు పోవడం మానేశాను.

రెండు వారాలు తిరిగేసరికి పెరడంతా లేత గులాబీ రంగు పూలు. దారిన పోయేవాళ్ళు గోడ మీదుగా చూసి ఎంత బాగున్నాయో అన్నారు. పిలకలు కూడా చెట్టు చెట్టుకీ గుబురుగా లేచాయి. ఆకులు పల్చబడ్డాయి. మా ఆయన పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పెరట్లోకి పోయి ఆకు నలిపి వాసన చూసి వచ్చేవాడు.

"ఏమే, ఆకు దెబ్బతినిపోతా ఉండాది."

"తినిపోనీ."

"పోనీ నాలుగు చెట్లన్నా తుంచు."

"అన్నం పెడతా, నీళ్ళు పెడతా. చెట్ల జోలికి మాత్రం పోను. ఆస్పత్రికి పోదాం పదా."

"చూద్దాంలే."

గోడకు చెప్పినా ఈపాటికి కదిలేది. ఆయనకు భయమని నాకు తెలుసు. వాళ్ళన్న కడుపునొప్పి అని ఆస్పత్రికి పోయి మళ్ళీ ఇంటికి రాలేదు. భయమని ఒక్క మాట అంటే నేనే చెయ్యి పట్టుకుని తీసుకుపోయేదాన్ని. అనడు. నవ్వుతాడు, పేపరు తిరగేస్తాడు.

ఇంతలో దేవనహళ్ళిలో మా చెల్లెలు బాలమ్మ ఇంట్లో గృహప్రవేశం వచ్చింది. పోయి రెండు రాత్రులు ఉన్నాను. విమానాశ్రయానికని మా వాళ్ళ భూములన్నీ తీసుకున్నారు. అమ్మ పెరడు ఉన్న చోట ఇప్పుడు కంచె, కంచె లోపల ఎర్రమట్టి గుట్టలు. బాలమ్మ పరిహారం డబ్బుతో ఊళ్ళో ఇల్లు కట్టుకుంది. పెరడు లేని ఇల్లు.

"అమ్మ గింజ నీకాడ ఉండాది కదక్కా?" అంది బాలమ్మ. "మా మడి మట్టిలో కలిసిపోయ. ఇంక నీకాడ తప్ప యాడా లేదు."

"ఉండాదిలే. తల్లిచెట్టు పూలల్లోనే ఉండాది. కాయ ఎండినంక నీకూ ఇంత పంపిస్తా, కుండీలో వేసుకో" అన్నాను. చూడండి, ఎంత ధీమాగా చెప్పానో.

ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే పెరట్లోకి పోయాను. పూలు లేవు. ఒక్కటి కూడా లేదు. చెట్లన్నీ మొండిగా నిలబడి ఉన్నాయి. కూరగాయల కత్తితో కోసినట్టున్నాడు, కొన్నిటి కాడలు చీలికలు పేలికలై నార వేలాడుతోంది. తలలన్నీ బట్టలుతికే బండ పక్కన కుప్పగా వాడిపోయి ఉన్నాయి. నేను నేరుగా తల్లిచెట్టు దగ్గరికి పోయాను. పసుపు పేలిక కట్టినట్టే ఉంది. పైన తల లేదు.

కుప్పలో వెతికాను. దాని తల దొరికింది. కాయలు పచ్చిగా ఉన్నాయి. గోటితో చీల్చి చూస్తే లోపల నీళ్ళ తడి తప్ప గింజ లేదు. మా అమ్మ, వాళ్ళమ్మ, వాళ్ళకు ముందు ఎవరెవరో, అంతమంది ఆడవాళ్ళు ఏటేటా కొంగుముడిలో దాటించుకుంటూ వచ్చిన గింజ. ఈయన కూరగాయల కత్తితో కోసేశాడు.

మా ఆయన వెనక వచ్చి నిలబడ్డాడు. "కోపం చెయ్యద్దు. చెప్పేది విను."

"తల్లిచెట్టని తెలీదా నీకు? పేలిక కనపళ్ళేదా?"

"తెలిసే కోసినా. గింజ లేకుంటే వచ్చే ఏడు నారు లేదు, నారు లేకుంటే ఆకు లేదు. ఇదే ఆఖరు పంట. ఇంక ముట్టను. మీయమ్మ మీద ఒట్టు."

"మాయమ్మ మీద యాల? మీయమ్మ లేదా నీకు?"

కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"సరే. గింజ రాకూడదని తల్లిచెట్టును కోసినావు, మిగతావాటి పూలూ కోసినావు. ఈ ఆకుల్ని యాల వదిలినావు? చెట్లనే పెరకొచ్చు కదా?"

తల వంచుకుని కాలి బొటనవేలితో మట్టి గీకాడు. ఆఖరికి గొణిగాడు. "ఆఖరు పంట కదే. ఇంత మంచి ఆకు మళ్ళీ యాడ దొరుకుతాది? కొంచెం ఘాటుగా ఉంటే... ఇన్నాళ్ళూ నువ్వు తుంచనే లేదు కదా అని..."

అంటే ఏమిటి? వచ్చే ఏటి గింజ వదులుకున్నాడు, ఈ ఏటి ఆకు వదులుకోలేదు. దవడలో మచ్చ ఈ ఏడాదిదా, వచ్చే ఏడాదిదా? అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఊరికే పుట్టదు సామెత. ఈయన మానేస్తానని దానమిచ్చింది అక్షరాలా మా అమ్మ సొమ్ము. తన సొమ్ము, ఆ నోట్లోని తుంపు, అది మాత్రం దవడలో భద్రంగా ఉంది.

ఆ సాయంత్రమే చీర దోపి ఒక్కో చెట్టే పెరుకుతూ పోయాను. గుంట తీసి, వాటి ఆకు అందులో వేసి మట్టి కప్పాను. అటక మీద కుండలో ఉన్న కిందటేటి ఆకు కూడా తెచ్చి వేశాను. తేలు కుట్టిన దొంగలా మా ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. ఆఖరున తల్లిచెట్టు మిగిలింది. దాని మొదలు పట్టుకున్నాను. పెరకడానికి చెయ్యి రాలేదు.

"రేపు పొద్దున ఆస్పత్రి. రాకుంటే నేను బాలమ్మ ఇంటికి పోతా, మళ్ళీ రాను" అన్నాను. ఈసారి నవ్వలేదు, చూద్దాంలే అనీ అనలేదు.

రియాజ్ ఆటో పిలిచి తీసుకుపోయాడు. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయి రంజిత కంటే చిన్నది. నోరంతా చూసి, కిందటేటి కాగితం చూసి, ఆయన్ను వదిలేసి నా వైపు తిరిగింది.

"ఏమ్మా, సంవత్సరమైంది చెప్పి. ఇంట్లో ఉండి మీరు ఏం చేస్తున్నారు ఇన్నాళ్ళూ?"

మా ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు. నాకు తెలీదండీ, ఈయన దాచాడండీ అని ఆ పిల్లకు చెప్పుకోవాలా? రియాజే, "పెద్దమ్మకు తెలీదు మేడం" అన్నాడు. నమ్మినట్టు లేదు. భర్త నోరు భార్య బాధ్యత అని ఏ చదువులో చెప్పారో గానీ, అక్కడున్న నర్సు కూడా నన్నే చూసింది.

ముక్క తీశారు. ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఇద్దరం సరిగ్గా తినలేదు. ఇంకా చెడుగా మారలేదు, ఆకు పూర్తిగా మానేస్తే అక్కడితో ఆగవచ్చు, మళ్ళీ ముడితే మాత్రం మా పూచీ లేదు అన్నారు. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని మా ఆయన ఏడ్చాడు. అప్పుడు నాకూ ఏడుపొచ్చింది. దాచను.

ఆ రోజు నుంచి ఆకు ముట్టలేదు. అది ఆయన గొప్పే, ఒప్పుకుంటాను. మరి ఆ తర్వాత రోజులు నేను ఎలా గడిపానో? సోంపు నమిలాడు, లవంగాలు నమిలాడు, నా ప్రాణం నమిలాడు. కూరలో ఉప్పు లేదని గిన్నె విసిరాడు, ఉప్పుందని ఇంకో గిన్నె విసిరాడు. బయటికి పోతుంటే ఏ బంకు దగ్గర ఆగుతాడోనని ఏదో ఒక పని వంకతో వెంట పోయేదాన్ని. తిరిగొస్తే మాటల్లో పెట్టి నోటి వాసన చూసేదాన్ని.

తల్లిచెట్టు సంగతి ఇంకోటి. తల పోయిన చెట్టు ఊరుకోదని చెప్పానుగా. పిలకలు లేచాయి. ఒక్కటి వదిలితే చాలు, నెల రోజుల్లో మొగ్గ వేసి పూచి కాయ కడుతుంది. మా అమ్మ గింజ బతుకుతుంది. తల కోసేస్తే గింజ పోయినట్టేనని మా ఆయన అనుకున్నాడు. జన్మలో ఒక్కరోజు పిలక గిల్లినవాడైతే కదా తెలియడానికి! పొద్దున్నే పెరట్లోకి పోయి ఆ చెట్టు ముందు నిలబడేదాన్ని. గింజ వస్తే నారు పోయకుండా నేనుండలేను, నా సంగతి నాకు తెలుసు. బాలమ్మకే పంపినా చిటికెడు నా కొంగున మిగలకుండా ఉండదు. ఆకు ఇంట్లో ఎండుతుంటే ఆయన ఉండలేడు, ఆయన సంగతీ నాకే తెలుసు. పెరకలేను, వదల్లేను. గిల్లేదాన్ని. గిల్లి, నూనె చుక్క వేసి, బంక చేతులు చింతపండు పెట్టి తోముకుని వంటింట్లోకి పోయేదాన్ని. మర్నాడు ఇంకో చంకలో ఇంకోటి. మా అమ్మ వద్దు వద్దంటున్నట్టే ఉండేది.

అలా ఉండగా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా అమ్మాయి రంజిత ఇంట్లో పాపకు నామకరణం జరిగింది. అపార్ట్‌మెంటు కింద హాల్లో భోజనాలు. తాంబూలం పళ్ళెం వస్తే మా ఆయన వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. అంతే, మా వియ్యంకుడు అందుకున్నాడు.

"ఏమి రామాంజినప్పా, మానేసినావంట గదా! నలభై ఏళ్ళ అలవాటు! మగోడివప్పా!"

"మా నాన్న విల్ పవర్ చూడండి, ఒక్క రోజులో స్టాప్ చేసేశారు" అంది రంజిత అందరికీ వినబడేలా.

మా ఆయన కండువా సర్దుకున్నాడు. "ఏముందప్పా దీంట్లో. మనసులో అనుకుంటి. కత్తి తీసుకుంటి, చెట్లన్నీ తల నరికేస్తి. అంతే, అయిపోయ."

అందరూ భేష్ అన్నారు. మా వియ్యపురాలు నా వైపు తిరిగి, "అదృష్టవంతురాలివమ్మా, ఇట్లాంటి మొగుడు దొరికినాడు" అంది.

నా చేతిలో పాయసం గిన్నె ఉంది. కింద పెట్టాను.

"నువ్వు నరికింది తల" అన్నాను. "పిలకలో?"

"ఏం పిలకలే?" అన్నాడు మా ఆయన.

"తల నరికితే పిలకలు వస్తాయి. గిల్లితే మళ్ళీ వస్తాయి. ఆ పొద్దు నుంచి ఈ పొద్దు దాకా గిల్లతా ఉండేది ఎవరు? నువ్వు ఒక్క పొద్దు కత్తి పట్టుకుంటే మగోడివి. నేను దినామూ గిల్లతా ఉంటే అదృష్టవంతురాలిని. ఆ గింజ నీదా? మాయమ్మది. దాన్ని నా చేత్తో నేనే చంపుతా ఉండా, నీ నోటి కోసం. ఆ సంగతి ఒక్కతూరి అడిగినావా?"

రంజిత, "అమ్మా, ప్లీజ్, ఫంక్షన్‌లో..." అంది. నేను చెయ్యి కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నాను. బస్సులో చెరో సీట్లో కూర్చుని ఇంటికొచ్చాం.

మర్నాడు నిద్ర లేచేసరికి మా ఆయన మంచం మీద లేడు. బంకుకు పోయాడేమో అనుకున్నాను. వెనక తలుపు తీసి ఉంది. పెరట్లో తల్లిచెట్టు పక్కన నిలబడి ఉన్నాడు.

"పిలక అంటే యాడుంటాదే?" అన్నాడు.

ఆకు వంచి చంక చూపించాను. లేత పచ్చగా ఒకటి ఉంది. గోటితో ఎలా గిల్లాలో చూపించాను. మా ఆయన వంగి చెట్టు చుట్టూ తిరిగాడు. గోడవైపు, కింది పెద్దాకు వెనక, నా కంట పడకుండా పెరిగింది ఒకటి ఉంది. జానెడు పొడుగు. దాని కొసన మొగ్గ. మొగ్గ మొన కాస్త గులాబీ రంగుకు తిరిగింది.

"దీన్ని వదిలితే గింజొస్తాదా?"

"వస్తాది."

మొగ్గను వేలితో ముట్టి చూశాడు. "వదిలేద్దాం. మీయమ్మ గింజ కదా. నా మూలంగా నువ్వు పోగొట్టుకోవద్దు."

"గింజొస్తే నేను నారు పోస్తా. మానలేను. ఆకు ఇంట్లో ఎండతా ఉంటే నువ్వు ముట్టకుండా ఉంటావా?"

మళ్ళీ ఒట్టు వేస్తాడనుకున్నాను. ఈసారి ఎవరి అమ్మ మీద వేస్తాడోనని కూడా అనుకున్నాను. ఆయన ఒట్టు వెయ్యలేదు. వేళ్ళకంటిన బంకను వాసన చూశాడు. చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

"ఉండలేను" అన్నాడు. "నాకు భయంగా ఉండాది."

అని, ఆ పిలకను మొదట్లో పట్టుకుని, నేను చూపించినట్టే గోటితో నొక్కి, మొగ్గతో సహా తెంచేశాడు.

ముప్పై ఐదేళ్ళలో ఆయన నాతో చెప్పిన మొదటి నిజం అదేనేమో. కరిగిపోవాల్సింది. నాకు ఇంకా మండింది.

"ఈ ఒక్క మాట పోయినేడు చెప్పుంటే అప్పుడే మానేసుంటివి, మాయమ్మ గింజ బతికుండేది కదయ్యా!" అని అరిచాను. గోడవతల ఫాతిమా కిటికీ తెరుచుకుంది. ఆయన ఇంకో ఆకు పైకెత్తి, దాని వెనక ఇంకేమైనా ఉందేమోనని వెతుకుతున్నాడు.